రేడియోలో చెయ్యి కనపడదు

మద్రాసులో మా వాషర్‌మెన్‌పేటకు మెట్రో రైలు రాని రోజుల్లో మైలాపూరు వెళ్ళి రావడమంటే పొరుగూరికి వెళ్ళి వచ్చినట్టే ఉండేది. బస్సులో ఒంటికాలి మీద నిలబడి, జార్జి టౌన్‌లో తోపుడుబళ్ళ మధ్య ఇరుక్కుని, సముద్రపు గాలి మొహానికి తగిలేసరికి అసలు ఏ పని మీద బయల్దేరామో మరిచిపోయేవాళ్ళం. ఇప్పుడు భూమి కింద చల్లగా కూర్చుంటే నగరం కంటపడకుండానే అవతలికి చేరిపోతున్నాం. (వేగం పెరిగింది, చూసేది తగ్గింది. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేది మాత్రం మారలేదని నా అనుమానం.) ఆ బస్సుల కాలంలో నా వయసు కూడా చిన్నదే. లోకంలో లెక్కకు లొంగనిది ఏదీ లేదని అప్పుడు నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక డిసెంబరు మధ్యాహ్నం, నలుగురి ముందు, నా తొడ మీదే చచ్చిపోయింది. ఆ కథే ఇది.

నేను కాలేజీ మొహం చూసినవాణ్ణి కాను. జార్జి టౌన్‌లో ఒక టోకు కాగితాల కొట్టులో లెక్కలు చూసేవాణ్ణి. ఆ లెక్క కూడా నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. గురువు లేని చదువులో ఒక సుఖం ఉంది, తప్పు చేస్తే చెప్పేవాడు ఉండడు. ఒక కష్టం కూడా ఉంది, అదీ ఇదే. సంగీతాన్ని కూడా నేను ఈ దారిలోనే పట్టుకున్నాను. మా కొట్టులో గుమాస్తాల బల్ల పక్కన ఒక ముసలి రేడియో ఉండేది. మధ్యాహ్నం బేరాలు మందగించినప్పుడు అందులో కచేరీలు వచ్చేవి. రాగాల సంగతి నాకు ఈనాటికీ తెలియదు. ఒక రాగానికీ ఇంకో రాగానికీ తేడా నా చెవికి ఒక మబ్బుకీ ఇంకో మబ్బుకీ ఉన్నంతే. తాళం అలా కాదు. తాళం అంకె. ఆది తాళమంటే ఎనిమిది. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పడం, మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పడం. ఎనిమిది పూర్తి కాగానే బుద్ధిగా ఒకటికి వచ్చేస్తుంది. సంగీతంలో ఇంత నిజాయితీ గల సరుకు ఉందని అంతవరకు నాకెవరూ చెప్పలేదు. పాటలో మొదటి అక్షరం వినపడగానే తొడ మీద మొదటి దెబ్బ వేసేవాణ్ణి. అక్కణ్ణుంచి పాట ఆగేదాకా చెయ్యి ఆగేది కాదు. తోటి గుమాస్తాలు మెచ్చుకునేవాళ్ళు. (వాళ్ళకీ తెలియదు.)

అప్పటికే నాకు సంబంధాలు వచ్చి పోతూ ఉన్నాయి. వచ్చినవన్నీ పోయాయి కనుక శేషం సున్న. మా ఇంటివాళ్ళు తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉండిపోయిన తెలుగువాళ్ళు. ఆంధ్రా వైపు నుంచి వచ్చినవాళ్ళు మా తెలుగు విని, ఇది తమిళమా తెలుగా అని కాసేపు ఆలోచించి, కాఫీ తాగి, "ఊరికి పోయి కబురు చేస్తాం" అని వెళ్ళిపోయేవాళ్ళు. కబురు మాత్రం వచ్చేది కాదు. ఈ లోపల నెల్లూరు నుంచి ఒక ఫోటో వచ్చింది. సంబంధాల ఫోటోల్లో ఆడపిల్లలు పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టు ఉంటారు కదా, ఈ అమ్మాయి నవ్వుతోంది. ఎవరో పక్కనుంచి ఏదో అన్నారు, నవ్వు ఆపుకోలేకపోయింది, అంతలో ఫోటో తీసేశారు, అన్నట్టు ఉంది. ఆ పక్కనున్నవాళ్ళు ఏమన్నారో తెలుసుకోవాలంటే ఈ పెళ్ళి జరిగి తీరాలని నాకు అనిపించింది.

అమ్మాయిని పెంచింది వాళ్ళ అవ్వ. పాట నేర్పిందీ ఆవిడే. చెవి లేని మనిషికి మా పిల్లని ఇవ్వనని అవ్వ ముందే తేల్చి చెప్పిందట. మా అమ్మ తక్కువదా. "మావాడు కచేరీ మొత్తం తాళం వేస్తాడు" అని కబురు పంపింది. దానికి అవ్వ నుంచి తిరుగు కబురు వచ్చింది. మద్రాసులో డిసెంబరు కచేరీలు వినాలని ఆవిడకు ఎన్నాళ్ళుగానో కోరికట. పిల్లనీ, పిల్ల మేనమామనీ తీసుకుని పొద్దుటి రైలుకు వస్తుందట. అబ్బాయి ఊరు చూపించి, ఒక కచేరీ వినిపించి, సాయంత్రం రైలెక్కిస్తే చాలునట. ఇంట్లో పెళ్ళిచూపులు వద్దు, ఇవే చూపులు. మా అమ్మ ఆ ముందు రోజంతా నాకు పాఠం చెప్పింది. "ఒరే, ఆడ పోయి వాళ్ళకి లెక్కలు చెప్పబాకు. వాళ్ళు పిల్లనివ్వడానికి వస్తుండారు, ఆడిట్‌కి కాదు. నోరు తెరవబాకు. తెలిసిందా?" నాకు తెలిసింది. నోరు సంగతే కదా చెప్పింది.

సెంట్రల్ స్టేషన్‌లో రైలు సమయానికే వచ్చింది. అవ్వ సన్నగా, నిటారుగా, గంజి పెట్టిన నూలు చీరలో దిగింది. వెనక మేనమామ దిగాడు. ఆయన నోట్లో ఎప్పుడూ వక్కపొడి ఉండేది కాబట్టి మాట బయటికి రావడం అరుదు. (నేను ఆయన్ని ఇప్పటికీ మనసులో వక్కపొడి మామ అనే పిలుస్తాను.) ఆ వెనక అమ్మాయి. నవ్వడం లేదు. నేను అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టి, నా పథకం ప్రకారం ఆటో పిలిచాను. నగరాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా చూపించాలన్నది నా పథకం. దానికి ముందుగా మా పేట పక్కనున్న రాయపురం పాత స్టేషన్‌కి తీసుకెళ్ళాను. దక్షిణాదిలో ఇప్పటికీ నిలబడి ఉన్న స్టేషన్లలో ఇదే అన్నిటికంటే పాతది, ఆ స్తంభాలు చూడండి అవ్వా, అని గర్వంగా చూపించాను. చేపల రేవు వైపు నుంచి గాలి వాసనేస్తోంది. అవ్వ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఆ స్తంభాలను చూసింది. "ఏందబ్బాయ్, ఇప్పుడే గదా రైలు దిగింది. మళ్ళీ స్టేషన్‌కే తెస్తివే" అంది. వక్కపొడి మామ ఊఁ అన్నాడు. నేను ఆటోవాడికి చెయ్యి ఊపాను.

పోనీ, జార్జి టౌన్‌లో కోలుకోవచ్చులే అనుకున్నాను. ఒకప్పుడు ఈ సందుల్లోనే తెలుగు వర్తకులు తమ మేడల మీద రాత్రంతా కచేరీలు పెట్టించేవాళ్ళని మా తాత చెప్పేవాడు. సంగీతమంటే ఇష్టమున్న మనిషి కదా, ఆ మేడలు చూస్తే అవ్వ మనసు మెత్తబడుతుంది. మేడలు ఉన్నాయి, కానీ వాటి ముందు బోర్డులు, బోర్డుల ముందు మూటలు, మూటల ముందు తోపుడుబళ్ళు. మా ఆటో ఒక కాగితాల బండి వెనక ఆగిపోయింది. బండి మీది రీములు చూడగానే తల లోపలికి లాక్కున్నాను. మా కొట్టు సరుకే. బండి పక్కన మా తోటి గుమాస్తా నడుస్తున్నాడు. తల తిప్పి ఆటోలోకి చూశాడు. "ఏమప్పా, కడుపు నొప్పి అని లీవు పెట్టినావే, ఇదేనా ఆస్పత్రి?" అన్నాడు అందరికీ వినపడేలా. సెలవు కోసం ఆ అబద్ధం చెప్పింది నిజమే. అవ్వ నా వైపు తిరిగింది. "కడుపు నొప్పా నాయనా? చెప్పకపోతివే." నేను లేదంటే కొట్టులో అబద్ధమాడినవాణ్ణవుతాను, అవునంటే రోగిష్టివాణ్ణవుతాను. "కొంచెం" అన్నాను. ఆ ఒక్క మాట ఆ రోజంతా నా వెంట వచ్చింది. ఎక్కడ ఆగినా అవ్వ నాకు మాత్రం మజ్జిగే ఇప్పించింది.

మెరీనా దగ్గర ఇసుకలో కాసేపు కూర్చున్నాం. వేడి వేడి బజ్జీలు మా మధ్య నుంచి వక్కపొడి మామ చేతికి వెళ్ళాయి. నా చేతికి మజ్జిగ గ్లాసు వచ్చింది. అవ్వ, మామ నీళ్ళ దాకా నడుచుకుంటూ వెళ్ళారు. అమ్మాయి మొదటిసారి నాతో మాట్లాడింది.

"మీరు అన్నీ లెక్కపెడతారంట గదా?"

"అన్నీ కాదండీ."

"మరి ఈ అలలు?"

"చిన్నప్పుడు మొదలుపెట్టాను. ఏ అల నుంచి ఒకటి అనుకోవాలో తెలియక మానేశాను."

ఆమె నవ్వింది. ఫోటోలో ఉన్న నవ్వు. ఆ పక్కనున్నవాళ్ళు ఏమన్నారో ఇంకా తెలియలేదు గానీ, ఈసారి ఆ పక్కనున్నవాణ్ణి నేను. ఎండకి ఇసుక కాలుతున్నా నాకు చల్లగా అనిపించింది. అలల దగ్గర అన్న ఆ మాట కచేరీలో కూడా గుర్తుంచుకుని ఉంటే ఈ కథ రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మైలాపూరులో ఒక వీణలు బాగుచేసే కొట్టు ముందు అవ్వ ఆగిపోయింది. నేను చూపించిన వాటిలో లేనిది అదొక్కటే, ఆవిడ మనసారా చూసిందీ అదొక్కటే. మెట్టు మీద కూర్చుని, తీగ మీద వేలు ఆనించి, ఏదో సన్నగా కూనిరాగం తీసింది. కొట్టతను పని ఆపి వింటూ ఉండిపోయాడు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ఎందుకంటే అక్కడి సంగీత సభ హాలులో మధ్యాహ్నపు కచేరీకి ముందు వరసలో కూర్చోవాలన్నది నా పథకానికి ప్రాణం. పెద్ద విద్వాంసుల కచేరీలు సాయంత్రాలు, వాటికి టికెట్టు. మధ్యాహ్నం పాడేది కొత్త గొంతులు, దానికి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. వచ్చేవాళ్ళలో కొందరు వినడానికి, కొందరు కునుకు తీయడానికి, కొందరు పక్కనున్న క్యాంటీన్ తెరిచేదాకా కాలక్షేపానికి. అలాగని ముందు వరస ఖాళీగా ఉండదు. కుర్చీల మీద చేతి రుమాళ్ళు ఉంటాయి. రుమాలు ఉన్న కుర్చీలో మనిషి ఉన్నట్టే లెక్క, ఈ ఊళ్ళో ఎవరూ దాన్ని కదపరు. నేను పొద్దున్నే మా తమ్ముణ్ణి పంపి మా ఇంటి రుమాళ్ళు వేయించాను. వేదికకు సరిగ్గా ఎదురుగా. పాడే మనిషికి మొదట కనపడే చెయ్యి నాదే కావాలని.

పాడింది పదహారేళ్ళు కూడా ఉంటాయో లేదో, ఒక చిన్నపిల్ల. పట్టు పావడా, చెమట పట్టిన పై పెదవి. పక్కన వయొలిన్ మీద ఒక పెద్దాయన, మృదంగం మీద ఆయనకంటే పెద్దాయన. కచేరీల ఆనవాయితీ ప్రకారం మొదటి పాట వర్ణం. పాట మొదలైంది, నా దెబ్బ పడింది, మృదంగం దెబ్బా పడింది, రెండూ ఒక్కటే. ఎనిమిది తిరిగి ఒకటికి వచ్చినప్పుడల్లా మేం ముగ్గురం, ఆ పిల్లా నేనూ మృదంగమూ, ఒకే చోట కలుసుకున్నాం. అవ్వ ఓరకంట నా చేతిని చూసింది. ఆ చూపులో రాయపురం స్టేషన్ మాసిపోయింది. అమ్మాయి కూడా చూసింది. వక్కపొడి మామ నిద్రపోయాడు, దాన్ని నేను అంగీకారంగానే తీసుకున్నాను.

తర్వాత ఆ పిల్ల ఒక పెద్ద కీర్తన ఎత్తుకుంది. తెలుగు కీర్తనే, దేవుణ్ణి నిలదీసి నీకు దయ లేదా అని అడిగే కీర్తన. నా వెనక కుర్చీలో ఒక తమిళ పెద్దాయన మాట అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకుంటున్నాడు. మొదటి అక్షరం వినపడింది, నేను మొదటి దెబ్బ వేశాను. ఈసారి మృదంగం నాతో కలవలేదు. చూస్తే ఆ పిల్ల చేతి దెబ్బ ఒక చోట, నా దెబ్బ ఇంకో చోట పడుతున్నాయి. నేను కంగారుపడ్డాను, నా కోసం కాదు, ఆ పిల్ల కోసం. పాపం, తాళం తప్పింది. మృదంగం ఆయన పెద్దమనిషి కాబట్టి పిల్లను నలుగురిలో చిన్నబుచ్చకుండా తనూ తప్పు వాయిస్తున్నాడు. (ఇలా ఆలోచించాను. నిజంగానే ఇలాగే ఆలోచించాను.) ఈ సభలో సరైన లెక్క ఉన్న చెయ్యి నాదొక్కటే. దాన్ని తొడ మీద దాచుకోవడం న్యాయమా? కొంచెం ముందుకు వంగి, పిల్లకు కనపడేలా, వినపడేలా, దెబ్బ గట్టిగా వేయడం మొదలుపెట్టాను.

పిల్ల నన్ను చూసింది. నేను తల ఊపి ధైర్యం చెప్పాను. ఆమె చెయ్యి ఒకసారి తడబడింది. మళ్ళీ చూసింది, నేను ఇంకా గట్టిగా వేశాను. అంతే, ఆమె చెయ్యి తన లెక్క వదిలేసి నా లెక్కలోకి వచ్చేసింది. గొంతు ఒక దారి, చెయ్యి ఒక దారి. వయొలిన్ ఆయన కమాను గాల్లోనే ఆగిపోయింది. మృదంగం పెద్దాయన తలను దెబ్బ దెబ్బకీ నీళ్ళు తోడే ఏతంలా ఊపుతూ పిల్లను వెనక్కి లాగడానికి చూస్తున్నాడు. వెనకనుంచి తమిళ పెద్దాయన నా భుజం తట్టి, "తంబీ, కైయ్యె సుమ్మా వెయ్యప్పా" అన్నాడు, చెయ్యి ఊరికే పెట్టుకోవయ్యా అని. ఆయనకి తాళం తెలియదని జాలిపడ్డాను.

అప్పుడు నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా, ముడతలు పడి, వదిలించుకోలేనంత గట్టిగా. అవ్వ నా వైపు చూడలేదు. వేదిక మీది పిల్లను చూసి చిన్నగా నవ్వి, నా చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, నా అరచేతిలోనే తాళం వేయడం మొదలుపెట్టింది. పిల్ల చెయ్యి తిరిగి మృదంగాన్ని అందుకుంది. పల్లవి మళ్ళీ వచ్చింది. అవ్వ దెబ్బ నా అరచేతిలో పడింది. పాట లేదు. ఊపిరి తీసుకునేంత ఖాళీ. ఆ తర్వాత పాట వచ్చింది. మళ్ళీ తిరిగి వచ్చింది, మళ్ళీ ముందు దెబ్బ, ఖాళీ, ఆ తర్వాతే పాట. కొన్ని కీర్తనలు తాళం మొదలయ్యాక కాసేపు ఆగి మొదలవుతాయట. సంగీతం నేర్చుకునే పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. రేడియో ముందు ఇన్నేళ్ళుగా నేను వేసిన కూడికల్లో సగానికి సగం మొదటి అంకె దగ్గరే తప్పని నాకు ఆ అరచేతిలో తెలిసింది. కచేరీ ముగిసేదాకా అవ్వ నా చెయ్యి వదల్లేదు. ఆ పక్కన అమ్మాయి ఎలా చూస్తోందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అయిపోగానే అవ్వ నన్ను మణికట్టు పట్టుకుని వేదిక దగ్గరికి నడిపించింది. నేను ఆ పిల్లకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆ పిల్ల చాలా మర్యాదగా, "పరవాయిల్ల అంకుల్" అంది. నన్ను అంకుల్ అన్నవాళ్ళలో ఆమే మొదటిది. ఆ సమయానికి పెళ్ళికూతురు నా పక్కనే ఉంది.

క్యాంటీన్‌లో అందరి ముందూ అరిటాకుల మీద వడలు, నా ముందు మజ్జిగ.  వడ తుంచుతూ అవ్వ అడిగింది.

"ఎవరబ్బాయ్ నీకు తాళం నేర్పింది?"

"ఎవరూ లేదవ్వా. రేడియోలో విని నేర్చుకున్నా."

"రేడియోలో చెయ్యి యాడ కనపడుతుంది నాయనా?"

నేను మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. అవ్వ నా మొహం చూసి ముందు పెదవి బిగబట్టింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. "మా ఇంటాయనా ఇంతే. హరికథకు పోతే అందరికంటే ముందు కూర్చుని తప్పు తాళం వేసేవాడు. హరిదాసులు మా ఊరంటేనే జడుసుకునేవాళ్ళు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ చెయ్యి పట్టుకోనే కూర్చున్నా" అంది. అని మనవరాలి వైపు తిరిగి, "ఏమే, వింటుండావా? ఈడ నీకు చేతినిండా పని ఉండాది" అంది. వక్కపొడి మామ నోరు ఖాళీ చేసుకుని, "సరే, ఊరికి పోయి కబురు చేస్తాం" అన్నాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి లెక్క అక్కర్లేదు. సెంట్రల్‌లో సాయంత్రం రైలెక్కించాను. రైలు కదిలేముందు అమ్మాయి కిటికీ కమ్మీ మీద అరచేత్తో ఒక దెబ్బ వేసింది. వేసి, ఆగింది. నన్నే చూస్తూ ఆగింది. అంతలో రైలు కదిలింది. వెళ్ళేటప్పుడు కూడా వెక్కిరించి వెళ్ళిందే అని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడవలేక ఊరుకున్నాను. ఇంట్లో అంతా విన్నాక మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "నోరు తెరవబాకు అంటే చెయ్యి తెరిచినావేరా." ఆ వారమంతా కొట్టులో రేడియో గొంతు నొక్కేశాను. కూడికలు కూడా తప్పాయి. నా జీవితంలో ఇంక ఎనిమిది తర్వాత ఒకటి రాదని, తొమ్మిది, పది అని ఎక్కడికో పోతూనే ఉంటుందని అనిపించింది.

వీధి చివర చిల్లర కొట్టుకు ఫోను వచ్చిందని కబురు వస్తే వెళ్ళాను. అవతల వక్కపొడి మామ. "కడుపు నొప్పి తగ్గిందా అని అవ్వ అడగమనింది" అన్నాడు. తగ్గిందన్నాను. కాసేపు నమిలాడు. "అయితే ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందాం అని కూడా అడగమనింది" అన్నాడు.

అవ్వ ఇప్పుడు లేదు. మేమిద్దరం ప్రతి డిసెంబరులోనూ ఒక మధ్యాహ్నం వెళ్ళి ఆ సభలో చిట్టచివరి వరసలో కూర్చుంటాం. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. (రక్తం ఆగి తిమ్మిరెక్కుతాయి, అయినా అదే క్షేమం.) ఆమె తాళం వేస్తుంది. దెబ్బ వేసి, ఆ చిన్న ఖాళీలో నా వైపు ఒకసారి చూస్తుంది, ఆ రోజు రైలు కిటికీ దగ్గర చూసినట్టే. అది వెక్కిరింత కాదని, ఆగమని చెప్పడమని పెళ్ళయిన చాలా కాలానికి గానీ నాకు తెలియలేదు. ఫోటోలో ఆమెను నవ్వించిన మాటేమిటో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. గుర్తులేదంటుంది.

పోయిన డిసెంబరులో ముందు వరసలో ఒక కుర్రాడు కనపడ్డాడు. తల నిండా జుట్టు, ఇస్త్రీ చొక్కా, వేదికకు సరిగ్గా ఎదురుగా. కీర్తన మొదటి అక్షరానికే దెబ్బ వేసి, ఆ దెబ్బ మీదే నమ్మకంగా నిలబడిపోయాడు. పాడే మనిషి ఇబ్బందిగా చూస్తోంది, వాడు తల ఊపి ధైర్యం చెబుతున్నాడు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. "పోయి చెప్పండి, పాపం." నేను లేవబోయి, మెడ చాచి చూసి, మళ్ళీ కూర్చున్నాను. వాడి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఎవరి కోసమో రుమాలు వేసి ఉంది.